వెదకు మాట

గ్రంథములు బీరువాలలో నున్నంతమాత్రమున మనకు లభించినట్లు కాదు. ఏ పేరుతో పిలిచిన పలుకునో ఆ పేరు మనకు తెలియవలెను. కార్డుల పెట్టెల కాలమున నేమి, కంప్యూటరుతో వెదకు నేటి కాలమున నేమి, ఈ చిక్కు తీరలేదు.

మన భాష చరిత్రనే తీసికొందము. పాశ్చాత్యులు మన భాషకు చేసిన సేవ నెరుంగగోరి, 'తెలుగు' అను మాటను నేటి ఆంగ్ల వర్ణక్రమమున వ్రాసి, గ్రంథనామములలో వెదకితి మనుకొందము. 1852లో సి. పి. బ్రౌను ప్రకటించిన నిఘంటువు వెంటనే కనబడును. కాని 1814లో విలియం కేరీ శ్రీరామపురమున అచ్చు వేయించిన వ్యాకరణము పేరున నున్నది 'తెలింగ' శబ్దము. 1816లో మద్రాసున వెలువడిన ఏ. డి. క్యాంబెలు వ్యాకరణమున మన భాష పేరు వేరొక వర్ణక్రమమున నుండుటయే గాక, 'జెంటూ' అను వ్యవహారనామము కూడ చేరియున్నది. ఒక్క మాటనే నమ్మినవారు ఈ రెంటిని గానక, బ్రౌనుకు పూర్వ మిట్టి కృషియే జరుగలేదని తలంపవచ్చును. చరిత్రలో నిట్టి పొరపాటు చిన్నది కాదు.

పోనిండని 'జెంటూ' అని మాత్రమే వెదకితిమా, మరియొక తంటా! అన్యమతస్థుడను అర్థముగల పోర్చుగీసు మాటనుండి పుట్టిన ఈ పదమును హిందువులందరికిని వాడిరి. 1776 నాటి హాల్‌హెడ్ 'జెంటూ' ధర్మశాస్త్రమునకును తెలుగునకును సంబంధము లేదు. ఒక జాతి పెంగ్విను పక్షికి సైత మిదే పేరు!

తరుణోపాయము లేకపోలేదు. జార్జి బూలు 1854లో వివరించిన తర్కమే నేటి యంత్రములకు ఆధారము. పర్యాయనామములను 'లేదా' అను మాటతో కలిపిన వల విశాలమగును. 'వ్యాకరణము' అను పదమును 'మరియు' అని చేర్చిన వల బిగియును. 1876లో చార్లెస్ కట్టరు ఒక విషయమునకు ఒకే శీర్షిక యుండవలెననియు, తక్కిన పేర్లకడ 'ఫలానా చోట చూడుడు' అని దారి చూపవలెననియు నియమించెను. కావున ఒక గ్రంథము చేజిక్కగానే, దానికి గ్రంథాలయమువా రిచ్చిన విషయశీర్షికను గుర్తించి, దానితో మరల వెదకుట మేలు.

వెదకుటకు ముందొక కాగితముపై పాతపేర్లను వ్రాసికొందము. విజయవాడ చరిత్ర కావలసినవారు బెజవాడను మరువరాదు. పూర్వులు తమ కాలపు మాటలతో వ్రాసిరి. వారి పుస్తకములు కావలెనన్న ఆ మాటలు మనమే నేర్వవలెను.