ముట్టడిలో నమ్మకం: గోల్కొండ (1687) ఆధారంగా సహకార యుద్ధక్రీడ రూపకల్పన

వ్యాససంగ్రహం:
చరిత్ర బోధనకు ఉపకరించే సహకార యుద్ధక్రీడను ఒక కల్పిత కోట ముట్టడి చుట్టూ ఎలా నిర్మించవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1687 నాటి గోల్కొండ ముట్టడి దీనికి ఆధారం. ఆటగాళ్ల పరస్పర సహకారాన్ని ముందే ఖాయం చేయకుండా, తిండిగింజల వలె తరిగిపోగల నిల్వగా పరిగణించాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: గోల్కొండ, ముట్టడి, యుద్ధక్రీడ, చారిత్రక ఆధారాలు, చరిత్ర బోధన.

1. ఉపోద్ఘాతం:
1824లో ప్రష్యా సైనికాధికారులకు పరిచయమైన రైస్విట్జ్ 'క్రీగ్స్‌ష్పీల్'లో రెండు పక్షాల నడుమ ఒక నిర్ణేత ఉంటాడు. శత్రువు గురించి తమ కంటబడినంత మేరకే ఆటగాళ్లకు తెలుస్తుంది. ఇటీవలి సహకార క్రీడలలో ఆటగాళ్లందరూ ఒకే పక్షం. గెలిచినా ఓడినా అందరూ కలిసే. ముట్టడిలో ఉన్న కోటకు ఈ రెండో పద్ధతి చక్కగా నప్పుతుందని తోస్తుంది. కాని గోల్కొండ కోట తలుపు లోపలివారి చేతనే తెరుచుకుంది. సహకారం తప్పదని ముందే నియమం పెట్టిన ఆట ఇటువంటి పతనాన్ని వివరించలేదు.

2. గోల్కొండ ముట్టడి - ముఖ్యాంశాలు:
ఔరంగజేబు సేనలు 1687 ఆరంభంలో కోటను చుట్టుముట్టాయి. ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. తొలి దశలోనే కిలిచ్ ఖాన్ ఫిరంగి గుండు తగిలి మరణించాడు. అబుల్ హసన్ తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడన్న అభియోగంపై ఔరంగజేబు తన కుమారుడు షా ఆలంను బంధించాడు. అనుమానం కోట బయట కూడా పనిచేసిందనడానికి ఇది నిదర్శనం. మొగలులు గోడల కింద పెట్టిన మందుపాతరలను కోటలోనివారు పసిగట్టి ఎదురుసొరంగాలు తవ్వారు. పేలుడు మొగలు సైనికులనే బలిగొన్నది. వానలు, ధాన్యపు కొరత, అంటువ్యాధి ముట్టడిదారుల శిబిరాన్ని కుంగదీశాయి.

చివరకు లంచానికి లోబడిన అబ్దుల్లా పనీ దిడ్డి తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలై పడిపోయేవరకు పోరాడాడు. మొగలులు ఆశచూపుతూ పంపిన ఉత్తరాన్ని ఇతడు బురుజు మీద తనవారందరికీ చూపి చించివేశాడని ఖాఫీ ఖాన్ రాశాడు. తానీషా దౌలతాబాదులో బందీ అయ్యాడు.

3. కల్పిత కోట అవసరం:
ముట్టడిని వర్ణించిన ప్రధాన రచయితలు ముస్తైద్ ఖాన్, భీమ్‌సేన్, నియామత్ ఖాన్ ఆలీ, ఖాఫీ ఖాన్ మొగలు కొలువుతో సంబంధమున్నవారు. వీరి రచనలలో ఉన్నతాధికారుల పేర్లు దొరుకుతాయి. గాదెలు కాపలా కాసినవారు, నీళ్లు మోసినవారు, పేటలలో ఆకలిని భరించినవారు కనిపించరు. గోల్కొండ పేరుతోనే ఆట నిర్మిస్తే ఈ ఖాళీలను ఊహతో నింపి, దానిని చరిత్రగా చలామణీ చేసే ప్రమాదం ఉంది. పైగా ముగింపు తెలిసిన విద్యార్థి మొదటినుంచే పనీ కోసం వెతుకుతాడు. కోటను కల్పితం చేస్తే ఈ రెండు చిక్కులూ తొలగుతాయి. ఆధారం ఉన్నచోట నియమం, ఆధారం లేనిచోట ఆటగాడి నిర్ణయం అన్నది ఇక్కడ పాటించదగిన సూత్రం.

4. క్రీడా నిర్మాణం:
ఆట ఎనిమిది ఘట్టాలు. ఒక్కో ఘట్టం ఒక నెల. ఖిల్లాదారు, గాదెల అధికారి, నీటి పర్యవేక్షకుడు, పేట పెద్ద అనే నాలుగు పాత్రలు కోటలో ఉంటాయి. ముట్టడిదారుల పక్షాన్ని నిర్ణేత నడుపుతాడు. గాదెలో ఎంత ధాన్యం ఉన్నదో దాని అధికారికి మాత్రమే తెలుస్తుంది. అతడు చెప్పే లెక్కను మిగిలినవారు నమ్మాలి, లేదా ఒక రోజు పని మానుకొని తనిఖీ చేయాలి. అయిదో ఘట్టంలో వానలు మొదలవుతాయి. కోట తొట్లు నిండుతాయి. బయట శిబిరానికి బళ్లు రావడం కష్టమవుతుంది. ఆ విధంగా ముట్టడి రెండు ఆకలుల మధ్య పందెమవుతుంది.

ప్రతి ఘట్టంలో నిర్ణేత ఒకరికి రహస్యంగా ఉత్తరం పంపుతాడు. దానిని అందరి ఎదుట చదివి చించితే కోట నమ్మకం ఒక మెట్టు పెరుగుతుంది. అయితే అందులోని అభయం ఆ ఆటగాడి కుటుంబానికి దక్కదు. దాచుకున్నంత మాత్రాన అతడు ద్రోహి కాడు. కాని ఆ ఉత్తరం సంగతి బయటపడితే నమ్మకం రెండు మెట్లు తగ్గుతుంది. అది అడుగంటిన రాత్రి, ఉత్తరం దాచుకున్న వ్యక్తి చేతిలో దిడ్డి తాళం ఉంటుంది. తలుపు తీయాలా వద్దా అన్నది అతడి నిర్ణయమే.

5. పరిమితులు:
ఆకలిచావులను అంకెలుగా మార్చడం ఏ ముట్టడి ఆటకైనా నైతిక సమస్య. పేట పెద్ద పాత్రకు యుద్ధశక్తి ఏమీ ఉండదు. గింజల పంపకంలో ఎవరికి కోత పెట్టారో అందరి ముందు చదవడం అతడి విధి. లొంగుబాటును ఓటమిగా లెక్కించకుండా, ఎంతమంది బతికారన్న ప్రశ్నను విడిగా చర్చించాలి.

6. ముగింపు:
ఆట తరువాత ప్రతి విద్యార్థీ తన పాత్ర వైపునుంచి ఒక పుట వృత్తాంతం రాసి, నిర్ణేత రాసిన శిబిర వృత్తాంతంతో పోల్చాలి. గెలిచినవారి రచన ఒక్కటే మిగిలితే కోటలోపలి ఏ నిర్ణయాలు మాయమవుతాయో అప్పుడు తెలుస్తుంది. అబ్దుల్లా పనీని ద్రోహి అన్న ఒక్క మాటతో వదిలివేయకుండా, ఆ తలుపు వరకు నడిపించిన ఎనిమిది నెలలను విచారించడానికి ఈ పద్ధతి తోడ్పడుతుంది.