మై ఫెయిర్ లేడీ: యాస, అంతస్తు, తెలంగాణ తెర

నోరు విప్పగానే మనిషి అంతస్తు తేలిపోయే సమాజం మీద వచ్చిన సంగీత నాటకాల్లో అందరికీ తెలిసిన పేరు ‘మై ఫెయిర్ లేడీ’. 1956 మార్చి 15న న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలైంది. మాటలు, పాటలు అలన్ జే లెర్నర్‌వి, బాణీలు ఫ్రెడరిక్ లోవివి. మూలం జార్జ్ బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మాలియన్’. లండన్ కోవెంట్ గార్డెన్ సంత దగ్గర పూలమ్ముకునే ఎలైజా డూలిటిల్‌కు హిగిన్స్ అనే ధ్వనిశాస్త్ర ఆచార్యుడు పెద్దింటి ఇంగ్లీషు నేర్పుతాడు. ఆమెను దొరసానిగా చలామణీ చేయిస్తానని స్నేహితుడితో పందెం కడతాడు, గెలుస్తాడు. గెలుపు అయ్యాక అసలు ప్రశ్న ఎలైజాకు మిగులుతుంది: పాత బతుకులోకి తిరిగి పోలేదు, కొత్త బతుకులో చోటు లేదు. ఇప్పుడు తన గతేమిటి?

మొదటి ప్రదర్శన పరంపరే 2,717 ఆటలు ఆడింది. 1964లో జార్జ్ క్యూకర్ తీసిన సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. రంగస్థలం మీద ఎలైజాగా పేరు తెచ్చుకున్న జూలీ ఆండ్రూస్‌ను కాదని సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. ఆమె పాటల్లో ఎక్కువ భాగం పాడింది మార్నీ నిక్సన్. ఒక స్త్రీ గొంతు గురించిన కథలో నాయిక గొంతు అరువుదైంది. ముగింపు విషయంలోనూ మూలానికీ సంగీత నాటకానికీ పొంతన లేదు. ఎలైజా హిగిన్స్‌ను పెళ్లాడదని, ఫ్రెడ్డీని చేసుకుంటుందని షా వివరంగా రాసి పెట్టినా, లెర్నర్ ఆమెను మళ్లీ హిగిన్స్ ఇంటికే పంపాడు.

ఈ కథ మన దేశంలో చాలాచోట్ల తిరిగింది. మరాఠీలో పు.ల. దేశ్‌పాండే ‘తీ ఫూలరాణీ’ (1975) రాస్తే భక్తి బర్వే అందులో నాయికగా వెలిగింది. హిందీలో బాసు చటర్జీ ‘మన్ పసంద్’ (1980) తీశాడు. తెలుగులో ఇంగ్లీషు చదువుకూ హోదాకూ ఉన్న ముడిని షా కంటే ముందే విప్పినవాడు గురజాడ. 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశానికి నేర్పే ఇంగ్లీషులో విద్య తక్కువ, దర్పం ఎక్కువ.

హైదరాబాద్ తూర్పు అంచున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న రోడ్డు ఈ కథకు దగ్గరి చుట్టం. విజయవాడ రహదారి, సాగర్ రోడ్డు వైపు నుంచి వచ్చే నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం పిల్లలు దిగేది ఇక్కడే. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో హాస్టళ్లు, కంప్యూటర్ కోర్సులు, పోటీ పరీక్షల కోచింగ్, వాటి పక్కనే స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు. కోవెంట్ గార్డెన్ సంత 1974లో అక్కణ్నుంచి తరలినట్టే కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి పోయింది. కోచింగులు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో మొదలయ్యాక ఈ పిల్లలకు ఇంటర్వ్యూలు జరిగే పడమటి దిక్కు మరింత దగ్గరైంది.

అయితే వాళ్లు దాటాల్సిన గడప ఇంగ్లీషు ఒక్కటే కాదు, తెలుగులోనూ ఒకటి ఉండేది. కృష్ణా, గోదావరి జిల్లాల పలుకుబడే పుస్తకాల్లో, పత్రికల్లో, సినిమాల్లో ‘మంచి తెలుగు’గా చలామణీ అయింది. వెండితెర మీద తెలంగాణ యాస చాలాకాలం రౌడీలకూ పనివాళ్లకూ హాస్యగాళ్లకూ పరిమితమైంది. బి. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979), దాసరి ‘ఒసేయ్ రాములమ్మ’ (1997) లాంటివి మినహాయింపులు. ‘గట్లనే’ అన్నందుకు నవ్వించుకున్న పిల్లవాడు తర్వాత ఆ మాటను మింగేస్తాడు. హిగిన్స్ పాఠం కన్నా కఠినమైన పాఠం అది. దాన్ని చెప్పడానికి గురువు కూడా అక్కర్లేదు.

ఈ అవమానం తెలంగాణ ఉద్యమంలో పెద్ద మాటే అయింది. ప్రత్యేక రాష్ట్రం కోరుతూ ఎల్బీ నగర్ చౌరస్తాలోనే 2009 నవంబరు 29న కాసోజు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబరు 3న కన్నుమూశాడు. రాష్ట్రం వచ్చాక, జనం మాటలోనే కవిత్వం రాసిన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ తర్వాత వచ్చిన ‘ఫిదా’ (2017 జులై 21) ఎలైజా కథను తలకిందులు చేసిందనాలి. శేఖర్ కమ్ముల దర్శకత్వం, దిల్ రాజు నిర్మాణం, శక్తికాంత్ కార్తీక్ సంగీతం. బాన్సువాడ పిల్ల భానుమతి మాట సినిమా పొడుగునా ఒక్క అక్షరం కూడా మెత్తబడదు. ఆమెకు ఎవరూ నేర్పరు, ఆమె ఎవరిలాగా మారదు. మారాల్సింది కథానాయకుడు వరుణ్, అమెరికా వదిలి ఆమె ఊరికి రావాల్సిందీ అతనే. భానుమతి పాత్ర వేసిన నీలగిరుల అమ్మాయి సాయిపల్లవి ఆ యాసను పట్టుబట్టి నేర్చుకుని తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పింది. తెలుగు సినిమాల్లో నాయికల గొంతు తరచూ వేరొకరిదే కాబట్టి ఈ పట్టుదలకు విలువ ఎక్కువ. భానుమతిని చూసి జనం నవ్వారు, ఆమె మాటను చూసి కాదు.

తర్వాత దారి వెడల్పయింది. ‘జాతిరత్నాలు’ (2021), ‘డీజే టిల్లు’ (2022), ‘దసరా’, ‘బలగం’ (రెండూ 2023) ఈ మాటనే కథానాయకుల నోట పెట్టాయి. ‘బలగం’లో ఊరిని తలచుకునే పాటకు కాసర్ల శ్యామ్ 2023 సంవత్సరానికి ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం అందుకున్నాడు.