శూన్యం చేసే సాయం

కొందరి సాయం వాళ్ళు తిరుగుతున్నన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనదు. వాళ్ళు మంచం పట్టిననాడు గాని, ఇన్ని పనులూ ఎవరి చేతిమీదుగా జరుగుతున్నాయో ఇంటిల్లిపాదికీ తెలిసిరాదు. కారులోనూ అలాంటిదొకటుంది. ఇంజను గదిలో, బ్రేకు పెడల్‌కి అవతలి వైపు, మూత బిగించిన నల్లటి డబ్బాలా ఉంటుంది. పేరు బ్రేక్ బూస్టర్. ఇంతకీ ఆ డబ్బాలో ఏముందంటారా? చాలావరకు శూన్యమే!

శూన్యం సాయమేమిటని నవ్వకండి. వేడి వేడి కూరగిన్నెకి స్టీలు మూత గట్టిగా పెట్టి మరిచిపోండి. చల్లారాక ఆ మూత ఎంత లాగినా ఊడిరాదు. లోపలి ఆవిరి నీరైపోయి ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి మూతని అదిమిపడుతుంది. జర్మనీలో మాగ్డెబర్గ్ నగరానికి మేయరుగా ఉన్న ఆటో ఫాన్ గెరికె 1657లో ఈ సంగతే ఊరివాళ్ళకి చూపించాడు. రెండు అర్ధగోళాల అంచులు కలిపి, లోపలి గాలిని పంపుతో తోడేసి, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గుర్రాలను కట్టి లాగించాడు. గుర్రాలు నానా అవస్థా పడ్డాయి.

ఆ గాలి బలం కారు బ్రేకు దాకా రావడానికి ఇంకో 270 ఏళ్ళు పట్టింది. ఈలోగా రైళ్ళు దాన్ని అందిపుచ్చుకున్నాయి. మన రైళ్ళలో వాక్యూమ్ బ్రేకులున్న రోజుల్లో గొలుసు లాగితే జరిగేదల్లా, ఖాళీ గొట్టంలోకి బయటి గాలి చొరబడడమే. దాంతోనే బ్రేకులు పడేవి.

కారు కథ వేరు. తొలి రోజుల్లో దాని బ్రేకంటే చక్రాన్ని రాసుకునే చెక్కముక్క. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండి తీసుకుని, ఆయనతో మాటమాత్రం చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. దిగుడు దారుల్లో చెక్క అరిగిపోతుంటే, దారిలో చెప్పులు కుట్టే అతని చేత దానికి తోలు కొట్టించింది. బ్రేకుకి పైపొర వేసే పద్ధతికి అదే నాంది అంటారు. పుట్టింటికి వెళ్ళే ఆడదానికి అడ్డంకులు ఒక లెక్కా!

తర్వాత కార్లు బరువెక్కాయి, వేగం పెరిగింది. ఆపడం మాత్రం కాలి బలం మీదే ఆధారపడింది. 1919లో హిస్పానో సూయిజా కారు, తిరిగే యంత్రం నుంచే కాస్త బలం తీసుకుని బ్రేకుకి అందించే ఏర్పాటుతో వచ్చింది. రోల్స్ రాయిస్ వారంతటివారు ఆ పద్ధతిని అనుమతి తీసుకుని వాడుకున్నారు. 1927లో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ ఇంకో సంగతి కనిపెట్టాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజనులోకి గాలి వెళ్ళే దారి మూసుకుంటుంది. ఇంజను మాత్రం పీల్చడం మానదు. అక్కడ ఏర్పడే ఆ శూన్యాన్నే బ్రేకుకి కట్టాడాయన. మరుసటేడే అమెరికాలో పియర్స్ యారో కార్లకి అది అమరింది.

డబ్బా మధ్యలో రబ్బరు పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. దానికి రెండువైపులా శూన్యమే. పెడల్ నొక్కగానే మన వైపు చిన్న ద్వారం తెరుచుకుని బయటి గాలి లోపలికి దూకుతుంది, పొరని ముందుకి తోస్తుంది. ఎనిమిది అంగుళాల డబ్బాలో ఆ తోపు సుమారు 200 కిలోలు. అంటే రెండు క్వింటాళ్ళ బియ్యం!

పాత డ్రమ్ము బ్రేకు, తిరుగుతున్న డ్రమ్మునే ఆసరా చేసుకుని తనంతట తాను బిగుసుకునేది. 1953లో లెమాన్స్ పందెం గెలిచిన జాగ్వార్ పుణ్యమా అని పేరు తెచ్చుకున్న డిస్కు బ్రేకుకి ఆ గుణం లేదు. బాగా నొక్కాలి. అందుకే డిస్కులతో పాటు బూస్టరూ మామూలు కార్లలోకి వచ్చింది. కారు ఆపడానికి పిక్కబలం అవసరం తగ్గింది. 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో అలా బూస్టరుతో వచ్చినవి, ఇప్పటికీ ముచ్చటపడి నడుపుకునేవాళ్ళున్నారు.

అయితే కారు పాతబడితే రబ్బరూ పాతబడుతుంది, కుక్కరు గాస్కెట్టులాగే. పొర చిరిగితే బ్రేకు పూర్తిగా పోదు. పెడల్ గట్టిపడుతుంది, అంతే. అదీ ఒక్కరోజులో కాదు. రోజూ నడిపే మనిషి కాలు తెలియకుండానే కొంచెం కొంచెం ఎక్కువ నొక్కడం నేర్చుకుంటుంది. ఓనాడు ఇల్లాలు స్టీరింగు పట్టి, "ఏవండీ, బ్రేకు మరీ గట్టిగా ఉందే" అంటుంది. "నీకు అలవాటు లేదులే" అని జవాబొస్తుంది.

నిజానికి అలవాటే అక్కడ తప్పుదారి పట్టిస్తున్నది. తేల్చుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ఇంజను ఆపి ఉండగా పెడల్‌ని నాలుగైదుసార్లు నొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్టు చేయండి. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టరు బతికే ఉంది. కదలకపోతే సాయం అందడం లేదన్నమాట. నొక్కి పట్టుకున్నంతసేపూ బుస్సుమంటున్నా, ఇంజను తడబడుతున్నా ఎక్కడో గాలి చొరబడుతున్నట్టే.

వెంటనే కొత్త బూస్టరు కొననక్కర్లేదు. ముందు ఇంజను నుంచి వచ్చే రబ్బరు గొట్టం పగిలిందేమో, దాని చివర వాల్వు పాడైందేమో చూడాలి. చవకలో పోయే జబ్బు కావచ్చు. బయట చుక్క కారకుండా బ్రేక్ ఆయిలు తగ్గిపోతుంటే, అది మాస్టర్ సిలిండరు వెనక సీలు దాటి బూస్టరులోకి దిగుతోందేమో చూడాలి. అప్పుడు డబ్బా ఒక్కటీ మారిస్తే చాలదు.

మార్చక తప్పకపోతే, మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండరు విప్పి పక్కకి జరిపి, లోపల డ్యాష్‌బోర్డు కింద పెడల్‌కి ఉన్న కడ్డీ తప్పించి, నాలుగు నట్లు విప్పితే పాత డబ్బా బయటికొస్తుంది. కొత్తది బిగించేటప్పుడు సిలిండరుని తోసే చిన్న కడ్డీ పొడవు సరిచూడడమే అసలు పనితనం. పొడవెక్కువైతే బ్రేకులు ఎప్పుడూ పట్టుకునే ఉండి వేడెక్కుతాయి. తక్కువైతే పెడల్ లోతుకి పోతుంది. ఆ కొలత చూడకుండా "అయిపోయిందండీ" అనే మెకానిక్‌ని ఇంకోసారి అడగడంలో తప్పులేదు.

ఇంకొక్కమాట. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసేవాళ్ళుంటారు. ఇంజను ఆగితే కొత్త శూన్యం పుట్టదు. డబ్బాలో మిగిలింది రెండు మూడు నొక్కులకి సరిపోతుంది. ఆ తర్వాత దిగుడంతా ఒంటరి కాలిదే.

కనక బ్రేకు గట్టిగా ఉందనిపిస్తే, "నాకే చేతకాదు కాబోలు" అని ఊరుకోకండి. కొత్త కాలికి ముందు తెలుస్తుంది. ఇంజను ఆపమని, ఆ నాలుగు నొక్కులూ నొక్కి చూడమని అడగండి. బండిలో పిల్లలు కూర్చుంటారు కదా!