22 గంటల ప్లాస్టిక్, 2 గంటల భోజనం: మన నమలడం వెనక ఇంత చరిత్ర ఉందా?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. రోజుకి 24 గంటలు. పళ్ళకి క్లియర్ అలైనర్లు పెట్టుకున్న వాళ్ళకి డాక్టర్ మొదటి రోజే చెప్పే రూల్ ఏంటంటే, రోజుకి 20 నుంచి 22 గంటలు అవి నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు మాత్రం తీసేయాలి. అంటే పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, మధ్యలో టీలు, ఆ తర్వాత బ్రష్ చేసుకోవడం... అన్నీ కలిపి ఆ మిగిలిన రెండు, మహా అయితే నాలుగు గంటల్లో అయిపోవాలి.

నేను ప్రస్తుతం ఆ రూల్ కింద బతుకుతున్న మనిషినే. ఇప్పుడు మాట్లాడుతుంటే అక్కడక్కడా 'స' కొంచెం జారుతోంది చూడండి, దానికి కారణం అదే. అయితే ఈరోజు టాపిక్ నా పళ్ళు కాదు. మనిషి తిండిని రెండు గంటల్లో కుదించడం అసలు ఎలా సాధ్యమైంది? ఈ ప్లాస్టిక్ అవసరం ఎందుకొచ్చింది? ఈ రెండు ప్రశ్నలకీ సమాధానం ఒకే చోట ఉంది. నమలడంలో.

ముందు మన చుట్టాల దగ్గరికి వెళ్దాం. అడవిలో ఉండే చింపాంజీ రోజులో దాదాపు 6 గంటలు కేవలం నమలడానికే ఖర్చు పెడుతుందని రిచర్డ్ రాంగమ్ అనే శాస్త్రవేత్త లెక్క చెప్పాడు. పచ్చి కాయలు, ఆకులు, పీచు ఉన్న పండ్లు కదా మరి, ఊరికే మింగుడుపడవు. మనకి రోజు మొత్తం మీద గంట కూడా పట్టదు. ఎందుకంటే మన నమిలే పనిలో సగం పొయ్యి చేసేస్తుంది, మిగతాది రోలూ, కత్తీ చేసేస్తాయి. అంటే చింపాంజీకి అలైనర్ పెడితే ట్రీట్‌మెంట్ ఫెయిల్ అవుతుంది. దానికి రెండు గంటల భోజనం అనే లగ్జరీ లేదు మరి!

ఇది వంటతోనే మొదలవ్వలేదు. 2016లో నేచర్ పత్రికలో కేథరిన్ జింక్, డేనియల్ లీబర్‌మన్ ఒక ప్రయోగం ప్రచురించారు. పచ్చి మాంసాన్ని, దుంపల్ని మనుషుల చేత నమిలించి కొలిచారు. తిండిలో మూడో వంతు మాంసం చేర్చి, రాతి పనిముట్లతో ముక్కలు కోసి, దుంపల్ని దంచి తింటే చాలు, నమిలే సార్లు 17 శాతం, నమలడానికి పెట్టే బలం 26 శాతం తగ్గుతాయని తేలింది. నిప్పు లేకుండానే! అంటే వంట అలవాటు కాకముందే మన దవడకి సెలవులు మొదలయ్యాయన్నమాట.

సరే, పని తగ్గింది, మంచిదే కదా అంటారా? ఇక్కడే ఒక చిక్కుంది. పన్ను ఎంత పెద్దగా ఉండాలన్నది చాలావరకు జన్యువుల్లోనే రాసి ఉంటుంది. దవడ ఎముక అలా కాదు. అది పెరిగే వయసులో ఎంత పని పడితే అంత పెరిగే రకం. కాబట్టి దవడకి పని తగ్గినా పళ్ళ సైజు మాత్రం తగ్గదు. ముప్పై రెండు మందికి బుక్ చేసిన బస్సులో సీట్లు ఇరవై ఎనిమిదే ఉంటే ఏమవుతుంది? ఒకరి మీద ఒకరు పడతారు. చివరగా ఎక్కే జ్ఞానదంతాలకి అసలు చోటే దొరకదు.

దీనికి ఆధారాలున్నాయా అంటే కొన్ని ఉన్నాయి. 2004లో లీబర్‌మన్ బృందం హైరాక్స్ అనే కుందేలంత జంతువుల్ని రెండు గుంపులుగా పెంచింది. ఒక గుంపుకి వండిన మెత్తటి తిండి, ఇంకో గుంపుకి గట్టి తిండి. మెత్తగా తిన్న వాటి ముఖంలో కింది, వెనక భాగాల పెరుగుదల దాదాపు 10 శాతం తగ్గింది. అంతకంటే ముందు, 1980ల మొదట్లో, రాబర్ట్ కొరుచీని అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త మన దేశానికే వచ్చాడు. చండీగఢ్ పట్టణంలోని కుర్రాళ్ళనీ, చుట్టుపక్కల పల్లెటూళ్ళ కుర్రాళ్ళనీ పోల్చి చూశారు. ఒకే ప్రాంతం, ఒకే రకం మనుషులు, తిండి మాత్రం వేరు. మెత్తటి తిండి తినే పట్టణం వాళ్ళ పళ్ళ వరసలోనే తేడాలు ఎక్కువ కనిపించాయి.

ఇక్కడ ఒక మాట క్లియర్‌గా చెప్పాలి. వంకర పళ్ళకి కారణం కేవలం తిండే అని ఎవరూ తేల్చలేదు. వంశపారంపర్యం ఉంటుంది, చిన్నప్పుడు వేలు చప్పరించడం ఉంటుంది, పాలపళ్ళు తొందరగా పోవడం ఉంటుంది. తిండి అందులో ఒక పెద్ద అనుమానితుడు, అంతే. వాట్సాప్‌లో "చెరకు నమిలితే బ్రేసెస్ అక్కర్లేదు" అని వస్తే నమ్మకండి. పెద్దయ్యాక ఎంత చెరకు నమిలినా దవడ మళ్ళీ పెరగదు.

ఇప్పుడు కథ 20వ శతాబ్దం మొదటికొస్తుంది. అమెరికాలో హొరేస్ ఫ్లెచర్ అని ఒక వ్యాపారి. డాక్టర్ కాదు. లావుగా ఉన్నాడని ఇన్సూరెన్స్ వాళ్ళు పాలసీ ఇవ్వలేదు. దాంతో ప్రతి ముద్దనీ నీళ్ళలా అయ్యేదాకా నమలడం మొదలుపెట్టాడు, బరువు తగ్గాడు, దాన్నొక ఉద్యమం చేసేశాడు. పాలని కూడా నోట్లో పుక్కిలిస్తూ "నమిలి" మింగాలన్నాడు! కార్న్‌ఫ్లేక్స్ కెలాగ్ ఉన్నాడే, జాన్ హార్వే కెలాగ్, ఆయన శానిటోరియంలో కూడా ఈ పద్ధతి పెట్టారు. నవలా రచయిత హెన్రీ జేమ్స్ కొన్నేళ్ళు దీన్ని పాటించాడు. 1919లో ఫ్లెచర్ చనిపోయాక ఆ ఊపు తగ్గిపోయింది. మన ఇళ్ళలో కూడా "ముద్దకి 32 సార్లు నమలాలిరా" అనే మాట వినే ఉంటారు. పంటికొక్క సారి అని ఆ లెక్క. ఇంగ్లండ్‌లో దాన్ని ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ పేరు మీద చెప్పుకునేవాళ్ళు.

అదే కాలంలో ఇంకో అమెరికన్ పళ్ళని వేరే కోణంలో చూస్తున్నాడు. ఎడ్వర్డ్ ఏంగిల్. నిజానికి పళ్ళు సర్దడం కొత్తేం కాదు. 1728లోనే ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ తన పుస్తకంలో పళ్ళకి దారంతో కట్టే లోహపు పట్టీ గురించి రాశాడు. కానీ 1899లో ఏంగిల్ ఏది సరైన వరస, ఏది కాదు అని మొదటి దవడ పళ్ళని ఆధారంగా తీసుకుని మూడు క్లాసులుగా విడగొట్టాడు. ఇప్పటికీ మీ డాక్టర్ ఫైల్‌లో "క్లాస్ 1, క్లాస్ 2" అని రాసేది అదే. అందమైన ముఖానికి ఆయన చూపించిన నమూనా ఏంటో తెలుసా? అపోలో అనే గ్రీకు దేవుడి పాలరాతి విగ్రహం.

ఏంగిల్ దగ్గర చదువుకున్న రేమండ్ బెగ్ అనే ఆస్ట్రేలియన్ వెనక్కి వెళ్ళి ఆదివాసీల పళ్ళు పరిశీలించాడు. 1954లో ప్రచురించాడు. గట్టి, ఇసుక కలిసిన తిండి వల్ల వాళ్ళ పళ్ళు పైనా, పక్కలా అరిగి, ఒకదానికొకటి చోటు ఇచ్చుకున్నాయి అన్నాడు. అంటే పన్ను అరగడం రోగం కాదు, ఒకప్పటి మామూలు జీవితమే అని ఆయన వాదన. ఒక పక్క అరగని పాలరాతి విగ్రహం ఆదర్శం, ఇంకో పక్క తిండితో అరిగిన నిజమైన నోరు. మన ఆర్థోడాంటిక్స్ ఈ రెండింటి మధ్యే పుట్టి పెరిగింది.

ఇక అలైనర్ దగ్గరికి వద్దాం. 1945లో హెరాల్డ్ కెస్లింగ్ అనే డాక్టర్ రబ్బరుతో ఒక పొజిషనర్ చేశాడు. బ్రేసెస్ తీశాక పళ్ళని చివరిగా సర్దడానికి. అచ్చులో పళ్ళని కొంచెం కొంచెం జరుపుతూ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతే పెద్ద కదలికలు కూడా సాధించొచ్చని ఆయన అప్పుడే ఊహించాడు. ఐడియా రెడీ. కానీ ఒక్కో మనిషికి పాతిక, ముప్పై అచ్చులు చేత్తో ఎవరు చేస్తారు? ఆ ఐడియా యాభై ఏళ్ళు కంప్యూటర్ కోసం వెయిట్ చేసింది.

1997లో స్టాన్‌ఫర్డ్‌లో చదివిన జియా చిష్టీ, కెల్సీ వర్త్ కాలిఫోర్నియాలో అలైన్ టెక్నాలజీ పెట్టారు. చిష్టీ పెద్దయ్యాక బ్రేసెస్ వేయించుకున్న మనిషి. తీశాక ఇచ్చిన ప్లాస్టిక్ రిటైనర్ కొన్ని రోజులు పెట్టుకోకపోతే పళ్ళు జరిగేవి, మళ్ళీ పెట్టుకుంటే వెనక్కి వచ్చేవి. ప్లాస్టిక్ పళ్ళని పట్టుకోగలిగితే జరపలేదా అన్నదే ప్రశ్న. 1998లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అదే ఇన్విజలైన్. మొదట్లో పళ్ళ డిజిటల్ మోడల్స్ సర్దే పని చాలావరకు పాకిస్తాన్‌లోని లాహోర్‌లో జరిగేది. 2001 తర్వాత అది కోస్టారికాకి మారింది. అక్కడ కూర్చున్న వాళ్ళు స్క్రీన్ మీద ఎవరిదో కోరపన్ను మిల్లీమీటరులో పావు వంతు జరిపితే, సముద్రాల అవతల ఒక ట్రే తయారయ్యేది. ఐటీ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ప్రతి ట్రే ఒక వెర్షన్, వారానికో రెండు వారాలకో ఒక రిలీజ్.

లోపల జరిగేది కూడా చెప్పాలి. పన్ను ఎముకలో సిమెంట్ పోసినట్టు ఉండదు. మధ్యలో సన్నటి నారల పొర ఉంటుంది. మెల్లగా, ఆగకుండా ఒత్తిడి పెడితే ఒక వైపు ఎముక కరుగుతుంది, ఇంకో వైపు కొత్త ఎముక కడుతుంది. ఆ "ఆగకుండా" అన్న మాట కోసమే 22 గంటలు.

ఇక్కడే బ్రేసెస్‌కీ అలైనర్‌కీ అసలు తేడా. బ్రేసెస్ మీరు *ఏం* తింటారో కంట్రోల్ చేస్తాయి. పల్లీపట్టీ వద్దు, చెరకు వద్దు, మొక్కజొన్న పొత్తు కొరకొద్దు. అలైనర్ మీరు *ఎప్పుడు* తింటారో కంట్రోల్ చేస్తుంది. సకినాలు తినండి, చెగోడీలు తినండి, కానీ కూర్చుని, తీసి, తిని, కడుక్కుని, మళ్ళీ పెట్టుకోండి. పెట్టుకుని తింటే ప్లాస్టిక్ పగులుతుంది, పసుపుకి గార పడుతుంది. వేడి టీ తాగితే షేప్ మారిపోవచ్చు, ఎందుకంటే దాన్ని వేడి చేసే అచ్చు మీద వంచారు. తీపి టీ అయితే ఇంకా ప్రమాదం. పంటికీ ప్లాస్టిక్‌కీ మధ్య చక్కెర ఇరుక్కుపోతుంది, లాలాజలం వచ్చి కడగలేదు, పిప్పి పళ్ళకి దారి తీస్తుంది.

మరి మన తిండి సంస్కృతి ఏంటి? నాలుగు గంటలకి ఒక పిడికెడు బొరుగులు, ఆఫీసులో "ఒక టీ కొడదామా", పక్కింటి నుంచి వచ్చిన అరిసె ముక్క. ఇవి ఆకలి కోసం తినేవి కావు, మనుషుల కోసం తినేవి. మొన్న ఊరెళ్తే అమ్మమ్మ సున్నుండ చేతిలో పెట్టింది. "ఇప్పుడు కాదు అమ్మమ్మా, ఎనిమిదింటికి తింటా" అన్నాను. "తినడానికి కూడా షిఫ్టులా నాన్నా, మీ ఆఫీసు లాగా?" అంది. ఆమె పళ్ళు చూస్తే పైన సమంగా అరిగి, పలకల్లా ఉంటాయి. వరస మాత్రం చక్కగా ఉంటుంది. ఒక్క అమ్మమ్మ రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ బెగ్ పుస్తకాల్లో వెతికింది మా వసారాలో కూర్చుని నవ్వుతోందనిపించింది.

పాతదంతా బంగారం అని కూడా అనను. మన భోజనం చివర్లో ఉండే తాంబూలం కూడా నమలడమే. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ తేల్చి చెప్పింది. ఏది నములుతున్నాం అన్నది కూడా ముఖ్యమే.

చివరగా ఒక వస్తువు చూపిస్తాను. దీన్ని చ్యూయీ అంటారు. చిటికెన వేలంత మెత్తటి రబ్బరు లాంటి గొట్టం. అలైనర్ పంటికి సరిగ్గా అతుక్కోవాలని, పెట్టుకున్నాక దీన్ని కాసేపు నమలమంటారు. ఒకసారి ఆలోచించండి. నమిలే పని తగ్గించుకోవడానికి లక్షల ఏళ్ళు కష్టపడ్డాం. రాయి, నిప్పు, రోలు, మిల్లు, మిక్సీ. దవడకి చోటు తగ్గింది. ఇప్పుడు ఆ చోటు సర్దడానికి ప్లాస్టిక్ పెట్టుకుని, రుచీ పచీ లేని గొట్టాన్ని ఖాళీగా నములుతున్నాం. ఫ్లెచర్ కనీసం తిండినైనా నమిలాడు!

నా మటుకు ఈ చరిత్రలో పనికొచ్చే భాగం పెద్దవాళ్ళ నోట్లో లేదు. మాది అయిపోయింది, మాకు డాక్టర్లున్నారు. ట్రీట్‌మెంట్ అయ్యాక కూడా రాత్రిళ్ళు రిటైనర్ పెట్టుకుంటూనే ఉండాలి, లేకపోతే పళ్ళు పాత చోటికి బయల్దేరతాయి. కానీ పిల్లల దవడ ఇంకా పెరుగుతోంది. పళ్ళొచ్చాక కూడా మిక్సీలో తిప్పిన అన్నం, ఫోన్ చూపిస్తూ మింగించే ముద్దలు... ఆ వయసులో వాళ్ళు కొరికి తినగలిగేది వాళ్ళ చేతికివ్వడం ఒక చిన్న ప్రయోగం. జామకాయ ముక్క, జొన్న రొట్టె అంచు, ఉడికించిన మొక్కజొన్న. గొంతుకి అడ్డం పడకుండా వయసు చూసుకుని, పక్కన కూర్చుని. వాళ్ళ పళ్ళు తిన్నగా వస్తాయని గ్యారంటీ ఇవ్వలేను. కానీ తిండంటే మింగేది కాదు, నమిలేదని తెలుసుకుంటారు. అది మాత్రం నష్టం కాదు.

ఈ వారానికి ఇంతే అండీ. నాకు ఇంకో పదిహేను నిమిషాల భోజనం టైమ్ మిగిలుంది, పెరుగన్నం ఎదురుచూస్తోంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.