బోర్డు లేని క్యాంపులు

ఖమ్మం అంచున ఖానాపురం హవేలి. ఊరు పెరిగి ఇప్పుడు దాన్ని లోపలికి లాక్కుంది గానీ, పేరు మాత్రం అట్లాగే ఉంది. ఖాన్ పక్కన పురం, పురం పక్కన హవేలి. ఆ పేరు వింటే మా బతుకు విన్నట్టే ఉంటుంది. హవేలి అంటే పెద్ద మేడ అనుకుంటారు చాలామంది. పాత రెవెన్యూ లెక్కల్లో దానికి వేరే అర్థముంది. కోటకీ కచేరీకీ దగ్గరగా ఉండి, శిస్తు జాగీర్దారు చేతికి పోకుండా నేరుగా సర్కారు ఖజానాకి చేరే భూముల్ని హవేలీ అనేవారు. సర్కారు చెయ్యి మధ్యలో ఎవరి అడ్డూ లేకుండా పడే నేల అన్నమాట. ఇక్కణ్ణించి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం దాకా పోయే దారిలో 1948 నుంచి 1951 దాకా ఆ చెయ్యి ఎట్లా పడిందో చెప్పుకోవాలి.

తెలుగువాళ్ళు జైళ్ళు చూడటానికి పోరని కాదు. గోల్కొండ కోటకి పోయిన ప్రతివాళ్ళూ రామదాసు బందీఖానా చూసే వస్తారు. గైడు చీకటి గదిలోకి తీసుకుపోయి పన్నెండేళ్ళ కథ చెబుతాడు. కంచెర్ల గోపన్నది మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా జైల్లో పెట్టించాడు. కథ అక్కడితో ఆగదు. రాముడే వచ్చి బాకీ తీర్చాడనీ, తానీషా గోపన్నను విడిచిపెట్టాడనీ, శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతోనే మొదలైందనీ జనం చెప్పుకుంటారు. ఆ ఆనవాయితీని ప్రభుత్వాలు ఇప్పటికీ పాటిస్తున్నాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకుని అదే తానీషాని దౌలతాబాద్ కోటలో ఖైదు చేశాడనీ, ఆయన బయటికి రాకుండానే అక్కడ కన్నుమూశాడనీ ఏ గైడూ చెప్పడు. ముస్లిం రాజు జైల్లో పెట్టినవాడుగా గుర్తుండాలి తప్ప, ముస్లిం పాదుషా చేతిలోనే జైలుపాలైనవాడుగా గుర్తుంటే కథ ఇబ్బంది పెడుతుంది. ఇందూరు ఖిల్లాలో దాశరథిని పెట్టిన జైలు ఉంది. 1948లో నిజాం సర్కారు ఆయన్ని అక్కడ పెట్టింది. చూసేవాళ్ళు దాన్నీ చూస్తున్నారు. మంచిదే. నిజాం జైళ్ళకి గుర్తులున్నాయి. నిజాం పోయిన తర్వాతి జైళ్ళ సంగతేమిటి?

ఒక సెప్టెంబర్లో మేము ఈ దారిలో చరిత్ర యాత్రకి పోయాం. ఉపాధ్యాయులు, కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు రచయితలు, మాలాంటి పత్రికలవాళ్ళు. దారి చెప్పడానికి రిటైరైన ఒక సోషల్ మాస్టారు. ఖమ్మం కోట కింద నుంచి బయల్దేరి ఊరూరా ఎర్ర స్థూపాల దగ్గర ఆగుకుంటూ పోయాం. స్థూపం మీద పేర్లుంటాయి, తారీఖు ఉంటుంది, చదవడానికి సులువు. అడవి మొదలయ్యాక మాస్టారు ఒకచోట వ్యాన్ ఆపించారు. టేకు చెట్లు, ఒక చేతిపంపు, నాలుగు మేకలు. "కోయవాళ్ళని గూడేల నుంచి తోలుకొచ్చి కంచె లోపల ఉంచిన క్యాంపు ఈ చుట్టుపక్కలే ఉండేదంటారు" అన్నారు. వెనక సీట్లో కుర్రాడు దిగి నాలుగు దిక్కులూ చూసి, "ఏది సార్, చూడాల్సింది?" అని అడిగాడు.

మాస్టారు చెయ్యి చాపి ఆ ఖాళీనే చూపించారు.

జర్మనీలో ఇట్లా ఉండదు. మ్యూనిక్ దగ్గర డాఖావ్ క్యాంపుని నాజీలు 1933 మార్చి 22న తెరిచారు. మొదట తెచ్చి పెట్టింది కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమోక్రాట్లని. పన్నెండేళ్ళలో రెండు లక్షలకి పైగా మనుషులు ఆ గేటు లోపలికి పోయారు. 41 వేలమందికి పైగా తిరిగి రాలేదు. యుద్ధం తర్వాత ఆ ఊరివాళ్ళకీ దాన్ని గుర్తుంచుకోవాలన్న ఉబలాటం ఏమీ లేదు. బతికి బయటపడ్డ ఖైదీలు కమిటీ కట్టి, వెంటబడి అడగ్గా అడగ్గా 1965లో స్మారకస్థలం అయ్యింది. ఇప్పుడు గైడు వెంట బడిపిల్లలు వరసలు కట్టి పోతారు. ఆ క్యాంపు ఇనుప గేటు తలుపుని 2014లో ఎవరో దొంగిలించారు. పోలీసులు వెతికితే 2016లో నార్వేలో దొరికింది. అక్కడ తలుపు పోతే రెండేళ్ళు వెతికారు. ఇక్కడ క్యాంపులకి క్యాంపులే పోయాయి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మా అడవి క్యాంపులు ఆష్విట్జ్ కాదు. గ్యాస్ గదులు లేవు, ఒక జాతిని తుడిచిపెట్టాలన్న ఆదేశం లేదు. ఆ పోలిక తెస్తే చచ్చిపోయిన యూదులకీ అన్యాయమే, మా కోయవాళ్ళకీ అన్యాయమే. కానీ కాన్సంట్రేషన్ క్యాంప్ అన్నమాట హిట్లర్ కంటే పాతది. 1896లో క్యూబాలో తిరుగుబాటుదార్లకి తిండి దొరక్కుండా చెయ్యడానికి స్పెయిన్ జనరల్ వేలర్ పల్లె జనాన్ని కోట ఊళ్ళలో కుక్కాడు. 1900 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళు బోయర్ల ఆడవాళ్ళనీ పిల్లల్నీ, వేరే క్యాంపుల్లో నల్లవాళ్ళనీ అట్లాగే పెట్టారు. వేలమంది పిల్లలు తట్టుతో, విరేచనాలతో పోయారు. ఆ మాటకి అసలు అర్థం ఇదీ: పోరాడేవాణ్ణి పట్టుకోలేనప్పుడు వాడికి అన్నం పెట్టేవాళ్ళని ఒకచోట పోగెయ్యడం. ఈ అర్థంలో ఆ మాట మా అడవికి సరిగ్గా సరిపోతుంది.

1948 సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ చౌదురి మిలిటరీ గవర్నరయ్యాడు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ 'పోలీస్ యాక్షన్‌కి ముందు', 'పోలీస్ యాక్షన్ తర్వాత' అని కాలాన్ని రెండు ముక్కలు చేసి చెబుతారు. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, పొలాల అమ్మకాలు అన్నిటికీ అదే గీటురాయి. ఆ తర్వాత రజాకార్లన్న అనుమానం మీద వేలమంది ముస్లింలని జైళ్ళలో, క్యాంపుల్లో పెట్టారు. అరబ్బుల్నీ పఠాన్లనీ పరదేశీయులన్నారు. తరాల కిందట వచ్చి, ఇక్కడే నిఖా చేసుకుని, ఇక్కడే ఖబరస్తాన్‌లో కలిసిపోయిన కుటుంబాల మీద ఆ ముద్ర పడింది.

మిలిటరీ పాలనలో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగారు. 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయారన్నది వాళ్ళ అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఘోరం. తెలుగు జిల్లాల్లో నల్లగొండ, మెదక్ పేర్లు ఆ తర్వాతి వరసలో ఉన్నాయి. ఆ నివేదికలోనే ఇంకో సంగతీ ఉంది: చాలాచోట్ల హిందువులు ప్రాణాలకి తెగించి పొరుగు ముస్లింలని కాపాడారు, నేతపని చేసే హిందువులు నేతపని చేసే ముస్లింలకి అడ్డం నిలబడ్డారు. మగ్గం మతం కంటే గట్టిదని రాసిన ఆ కాగితాన్ని కూడా మిగతావాటితో పాటే దాచిపెట్టారు. 2013లో గానీ అది జనం చేతికి రాలేదు. అంటే 65 ఏళ్ళు. చూసినవాళ్ళు, చెప్పినవాళ్ళు దాదాపు అందరూ పోయాకన్నమాట.

ఇక్కడ సెక్యులర్ మిత్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. మరి రజాకార్లు చేసిందో? చేశారు. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న బురుజు కింద జరిగింది మేము మరవలేదు. పరకాల మరవలేదు. 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్ని ఆ ఆగస్టులోనే చేతులు నరికి చంపింది రజాకార్లే. ఉర్దూలో రాసి చచ్చిపోయిన ఆ పత్రికాయన మా వృత్తిలో మాకు పెద్దన్న. కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపేసిన షేక్ బందగీ ముస్లిమే. చంపించిన దేశ్‌ముఖ్ హిందువు. పోలీస్ యాక్షన్‌కి ముందు రజాకార్లతో సలాం కలిపిన దొరలు ఆ తర్వాత గాంధీ టోపీలు పెట్టుకుని గడీల్లోకి తిరిగొచ్చారు. వాళ్ళని ఎవరూ క్యాంపుల్లో పెట్టలేదు. రజాకారు అన్న మాట దొర ఒంటికి అంటలేదు, మా సాయెబు గీతకార్మికుడికీ దూదేకులవాడికీ అంటుకుంది. ఇప్పటికీ వదలలేదు.

సైన్యం నిజాం కోసం వచ్చి, రైతుల మీదికి తిరిగింది. దళాలు మైదానంలో నిలవలేక గోదావరి అడవుల్లోకి పోయాయి. అప్పట్లో గోదావరే సరిహద్దు. ఇవతల పాల్వంచ, బూర్గంపాడు హైదరాబాదు రాజ్యం. అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో తూర్పుగోదావరి జిల్లా. (1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు, ఖమ్మం జిల్లాయే 1953లో వరంగల్ నుంచి విడిపోయి పుట్టింది.) అడవిలో దళాలకి దారి చూపించిందీ, జొన్నలు పెట్టిందీ కోయవాళ్ళు. అందుకని గూడేలు కాల్చి, జనాన్ని దారుల పక్కన క్యాంపుల్లోకి తోలారని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వచ్చిన తన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. పార్టీ లెక్క ప్రకారం ఆ పోరాటంలో చనిపోయినవాళ్ళు 4 వేలు, జైళ్ళలో మగ్గినవాళ్ళు 10 వేల పైన, పోలీసు, మిలిటరీ క్యాంపులకి ఈడ్చుకుపోయి కొట్టినవాళ్ళు 50 వేలు. అది ఒక పక్షం లెక్కే, ఒప్పుకుంటాం. సర్కారు పక్షం లెక్క తెచ్చి పక్కన పెట్టమని అడగడానికి అది చాలు.

కంచె అంటే ముళ్ళతీగ ఒక్కటే అనుకోకూడదు. కోయగూడెం చెదురుమదురుగా ఉండటానికి కారణముంది. పోడు చెలక ఈ ఏడు ఒకచోట, నాలుగేళ్ళకి ఇంకోచోట. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరాలి, తునికి పండ్లు కొయ్యాలి, వానాకాలం గడ్డలు తవ్వాలి. పొద్దెక్కాక గేటు తీసి, పొద్దుగూకకముందే గేటు వేస్తే ఇందులో ఏదీ జరగదు. తెల్లవారకముందు రాలే ఇప్పపువ్వు గేటు తీసేదాకా ఆగుతుందా? వందల కుటుంబాలకి ఒకే చెలమ, ఒకే గట్టు. తుపాకీ పేలకుండానే మనుషులు పోవడానికి ఇంతకంటే ఏం కావాలి? సరిగ్గా ఆ కాలంలోనే, 1950లో, మలయాలో జనరల్ బ్రిగ్స్ ఇదే పథకం మొదలుపెట్టాడు. ఐదు లక్షల దాకా జనాన్ని, ఎక్కువమంది చైనావాళ్ళని, కంచెల లోపలి 'కొత్త ఊళ్ళ'లోకి మార్చారు. రబ్బరుతోటల కూలి లైన్లకీ కంచెలు వేశారు. ఆ లైన్లలో మన తెలుగు కూలీలు కూడా ఉన్నారు. ఇంగ్లీషువాడు పోయినా అతని ఆలోచన పాల్వంచ అడవిలో కొలువులో ఉంది.

1951 అక్టోబర్లో పోరాటం విరమించారు. పద్ధతి విరమించలేదు. 1967లో మిజో కొండల్లో ఊళ్ళని కాల్చి జనాన్ని రోడ్ల పక్కన 'రక్షిత గ్రామాలు' అన్నచోట పెట్టారు. 1962లో చైనా యుద్ధమప్పుడు దాదాపు మూడువేలమంది భారతీయ చైనీయుల్ని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకి రైళ్ళలో పంపారు. ఇరవయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు కమ్యూనిస్టుల్ని పెట్టిన క్యాంపే అది. 2005లో సల్వాజుడుం పేరుతో భద్రాచలానికి అవతల దంతెవాడలో గూడేలు ఖాళీ చేయించి మళ్ళీ క్యాంపులే కట్టారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగవిరుద్ధమంది. అప్పటికే వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చేశారు. ఇక్కడివాళ్ళు వాళ్ళని గుత్తికోయలంటారు. వాళ్ళ తాతలు ఏ క్యాంపు కథ చెప్పారో, వీళ్ళు ఏ క్యాంపు తప్పించుకుని వచ్చారో రెండూ అడిగి రాసుకోవలసినవి.

సెప్టెంబర్ 17 వస్తే ఇప్పుడు పేర్ల పంచాయితీ. విమోచనం, విలీనం, విద్రోహం. 2022 నుంచి కేంద్రం విమోచన దినం చేస్తోంది. అదే ఏడు రాష్ట్రం సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. జెండా ఎగిరే మైదానాలు మారుతున్నాయి. బైరాన్‌పల్లి బురుజు ఉండాలి, పరకాల అమరధామం ఉండాలి, ఎర్ర స్థూపాలు ఉండాలి. వాటి పక్కన ఉస్మానాబాద్ బావుల పేరూ ఉండాలనీ, పాల్వంచ కంచెల పేరూ ఉండాలనీ మేమంటే అది రజాకార్ల మాటయిపోతుంది. ఒక్కచోటనే ఉన్న కోయ ఖైదీకీ, కమ్యూనిస్టు ఖైదీకీ, ముస్లిం ఖైదీకీ కాపలా కాసింది ఒకే సర్కారు. వాళ్ళ జ్ఞాపకాలని మాత్రం మూడు ఇళ్ళకి పంచిపెట్టారు. ఒకటి స్థూపమైంది, ఒకటి గుసగుస అయ్యింది, ఒకటి ఏమీ కాలేదు.

ఒక పని మా చేతుల్లో ఉంది. నిజాం కచేరీల భాష ఉర్దూ. ఠాణా రోజ్‌నామ్చాలు, తహసీలు కాగితాలు ఆ లిపిలోనే రాసేవారు. జనరల్ మారినంత తొందరగా గుమాస్తా చేతిరాత మారదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆసఫ్‌జాహీల కాలపు ఫారసీ, ఉర్దూ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. తెలంగాణ చరిత్ర రాసే తెలుగు పండితుల్లో ఉర్దూ చదివేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా ఇళ్ళల్లో చదవగలిగిన పెద్దవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళని ఎవరూ పిలవలేదు. మా పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవరు. షికస్తా రాత చదవగలిగిన కళ్ళకి శుక్లాలు వస్తున్నాయి. ఒక ముసలాయనని, కోయభాష వచ్చిన ఒక కుర్రాణ్ణి, తెలుగులో రాయగలిగిన ఒకరిని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టాలి. ఖమ్మం, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపాడు పాత తాలూకాల కాగితాలతో మొదలుపెట్టొచ్చు.