పర్యావరణ పాఠంలోని మాటలు: మన ఊరి ఉదాహరణలతో

పరీక్ష దగ్గరపడితే ఈ మాటలు బట్టీ పడతాం, అయిపోగానే మర్చిపోతాం. చెన్నైలో ఉండే మనకు ఇంకో చిక్కు కూడా ఉంది: పుస్తకంలో ఒక మాట, వీధిలో తమిళ మాట, టీవీలో ఇంగ్లీషు మాట. అందుకే ముఖ్యమైన కొన్ని మాటలు ఇక్కడ ఇస్తున్నాం. పెద్దలు పిల్లలతో కలిసి చదవండి.

పర్యావరణం: మన చుట్టూ ఉన్న గాలి, నీరు, నేల, మొక్కలు, జంతువులు, మనుషులు, అన్నీ కలిపి. చాలామంది దీని బదులు 'వాతావరణం' అని రాసేస్తారు. అది తప్పు. వాతావరణం అంటే భూమి చుట్టూ ఉన్న గాలి పొర. ఈ రోజు ఎండా వానా ఎలా ఉన్నాయో చెప్పడానికి కూడా ఆ మాటే వాడతాం.

శీతోష్ణస్థితి: ఒక ప్రాంతంలో ఎండావానల తీరు, సుమారు 30 ఏళ్ల సగటు మీద చెప్పేది. చెన్నైకి ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది, ఇది శీతోష్ణస్థితి. రేపు వాన పడుతుందా? అది వాతావరణం. పత్రికల్లో 'వాతావరణ మార్పు' అని రాసేది శీతోష్ణస్థితి మారడం గురించే.

ఏరు, చెరువు: ఇక్కడ జాగ్రత్త! తమిళంలో 'ఏరి' అంటే మన చెరువు. తెలుగులో 'ఏరు' అంటే పారే నీరు. చెంబరంబాక్కం ఏరి చెరువే, ఏరు కాదు. తెలుగుగంగ కాలువలో కృష్ణా నీళ్లు కండలేరు నుంచి పూండికి వస్తాయి కదా, ఆ కండలేరు పేరులో ఉన్నది మన 'ఏరు'.

భూగర్భజలం: నేలలోకి ఇంకి నిలిచిన నీరు. బావికీ బోరుకీ ఇదే ఆధారం. వాననీటిని నేలలోకి పంపే గుంతను ఇంకుడు గుంత అంటాం. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి చేశారు.

చిత్తడి నేల: ఏడాదిలో కొంతకాలమైనా నీరు నిలిచి ఉండే నేల. పళ్లికరణై ఇలాంటిదే, 2022లో రాంసర్ జాబితాలో చేరింది. వాననీటిని పట్టి ఉంచుతుంది. అక్కడి పక్షులు, చేపలు, మొక్కలు ఎన్ని రకాలో! ఆ రకరకాల జీవాలనే జీవవైవిధ్యం అంటాం.

తగ్గించడం, తిరిగి వాడటం, రీసైక్లింగ్: మూడూ ఒకటి కాదు. ప్లాస్టిక్ కవరు వద్దనడం తగ్గించడం. 'మంజప్పై', అంటే పసుపు గుడ్డసంచి, రోజూ తీసుకెళ్లడం తిరిగి వాడటం. పాత కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి కొత్త కాగితం చేయడం రీసైక్లింగ్.

సుస్థిర అభివృద్ధి: మన అవసరాలు తీరాలి, రేపటి పిల్లలకూ మిగలాలి. బోరులోంచి తోడేది ఎక్కువై నేలలోకి ఇంకేది తక్కువైతే అది సుస్థిరం కాదు. 2015 డిసెంబరులో మన ఊరు వరదలో మునిగింది. 2019 వేసవిలో ఊరికి నీళ్లిచ్చే పెద్ద జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. వాన కురిసినప్పుడు ఆ నీటిని దాచుకోవడం ఎంత అవసరమో ఈ రెండూ చెబుతాయి.

ఈ వారం పని: మీ మేడ మీద పడ్డ వాన ఎటు పోతోందో పెద్దవాళ్లతో కలిసి చూడండి. ఇంకుడు గుంతలోకా, మురుగు కాలువలోకా? గుంత పూడిపోయి ఉంటే ఇంటివాళ్లకు చెప్పండి. చూసింది సొంత మాటల్లో అయిదు వాక్యాలు రాసి తెలుగు టీచరుకు చూపించండి.