కీమియాగర్లు ఎందుకు ఓడిపోయారు?

మా అమ్మీ లచ్ఛాలోని సోనా ఎక్కడ పుట్టిందని మా బిడ్డ అడిగింది. నాకు ఇబ్న్ సీనా యాదికొచ్చారు. కీమియాగర్లు వెండిబంగారాలకు నకల్ చేయగలరేగానీ, లోహం అసలు జాతిని మార్చలేరని వెయ్యేళ్ల కింద 'కితాబుష్షిఫా'లో ఆయన తేల్చేశారు. లాటిన్‌లోకి వెళ్లాక ఆ మాటలు యూరప్‌లో చాలాకాలం అరిస్టాటిల్ పేరు మీద చెలామణి అయ్యాయి. అఫ్సోస్!

భట్టీ మంట ఎంత తేజ్‌గా ఉన్నా పరమాణువు బయటి ఎలక్ట్రాన్లనే కదిలిస్తుంది. లోపలి కేంద్రకాన్ని తాకలేదు. బంగారాన్ని బంగారం చేసేది మాత్రం ఆ కేంద్రకంలోని 79 ప్రోటాన్లే.

సితారాల కడుపులోనూ అది తేలిగ్గా పుట్టదు. కేంద్రకాలు కలిసి శక్తినిచ్చే సిల్సిలా ఇనుము, నికెల్ దగ్గర ఖతమ్. అన్నిటికంటే గట్టిగా బిగిసిన కేంద్రకాలు అవే మరి. ఆపైన బంగారం దాకా పోవాలంటే న్యూట్రాన్ల తూఫాన్ కావాలి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారల టక్కర్ పట్టుబడింది; తర్వాతి వెలుగులో భారీ మూలకాల నిషానీలు దొరికాయి.

కీమియాగర్ల ఖ్వాబ్ బర్క్‌లీలో నిజమైంది. గ్లెన్ సీబోర్గ్ బృందం యాక్సిలరేటర్‌తో బిస్మత్ కేంద్రకాలను పగలగొట్టి బంగారం చేసినట్టు 1981లో ప్రచురించింది. కంటికి ఆననంత బంగారం! లచ్ఛాలో ఒక్క పూసకూ చాలదు.